తడి ఆరని మొగ్గలు

థాయ్‌లాండ్‌లోని సకోన్ నఖోన్‌లో ముసురు వదల్లేదు. ఆసుపత్రి నుంచి వస్తూనే ఆమె వంటింట్లోని గంజాయి సీసా మూత తీసింది. గుప్పున బూజు కంపు కొట్టింది. మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, అన్నయ్యకి ఇదేనా ఇచ్చావ్?"

"కేన్సరు నొప్పికి విలవిల్లాడుతుంటే చూళ్ళేకపోయానే."

"మొగ్గ కాడ విరిస్తే టక్కుమనాలి, అప్పుడే సీసాకెత్తమన్నానా లేదా?"

"ఈ వానల్లో ఎప్పటికి ఆరేను? ఆరిందే అనుకున్నా."

"ఊపిరాడక కొట్టుకున్నాడు. ఏం పీల్చాడని డాక్టరమ్మ అడుగుతోంది."

"చెప్తే నన్ను లోపలేస్తారు."

"ఈ బూజు సంగతి చెప్పకపోతే ఏ మందివ్వాలో ఆవిడకి తెలీదు."

"మీ అన్నయ్య చెప్పలేదా?"

"ఎంతడిగినా తల అడ్డంగానే ఊపాడు. నీ పేరు బయటికి రానివ్వలేదు. ఇప్పుడు గొంతులో గొట్టం వేశారు."

అతను బండి తాళం కోసం చెయ్యి చాచాడు.

"పద. నేనే చెప్తాను."