వేడి టైరులో గాలి

"వేడెక్కిన టైరు పేలితే మీ నాన్న లారీతో సహా లోయలో పడతాడే, ఎదిల్మా." బొలీవియా కొండల్లోని ఎల్ ఆల్తో ఊళ్ళో, లారీల షెడ్డులో కసిల్దా కూతురి మీద విరుచుకుపడింది.

"పేలదమ్మా. దిగుడులో వేడికి గాలి పొంగుతుంది. నాన్న భయపడి తీసేస్తాడు. చల్లారాక టైరు మెత్తబడి అంచులు అరిగిపోతాయి. అందుకే మన లారీలకి నాలుగు నెలలకే కొత్త టైర్లు."

"ముప్పై ఏళ్ల డ్రైవరుకి నువ్వు పాఠం చెబుతావా?"

"ఈసారి తియ్యనని మాటిచ్చాడు. చల్లారాక గాలి ఎంత ఉండాలో అంకె కూడా చెప్పి పంపా. నువ్వే అడుగు," అని నవ్వింది ఎదిల్మా.

కసిల్దా వైర్‌లెస్ నొక్కింది. "ఫెర్మిన్, బతికే ఉన్నావా? గాలి తీశావా?"

గరగర తప్ప జవాబు లేదు. ఆమె గుండెలమీద శిలువ గీసుకుంది. ఎదిల్మా కూడా నవ్వడం మానేసింది.

చివరికి వైర్‌లెస్‌లో ఫెర్మిన్ గొంతు పలికింది.

"తియ్యలేదే. లారీ ఆపాక చెయ్యి అటే పోతోందని చేతులమీద కూర్చున్నా. ఇప్పుడే చల్లారాక కొలిచా, అమ్మాయి చెప్పిన అంకె మీదే ఉంది. ఇకనుంచి టైర్లకి మేస్త్రి అదేనని చెప్పు."