పేరు తీసేసిన స్టేషన్

1940 జూన్, సంత రోజు. జర్మన్ సైన్యం దిగితే దారి తెలియకూడదని ఇంగ్లిష్ పల్లె కార్ల్‌బీ స్టేషన్లో ఊరి పేరున్న బోర్డు ఊడదీస్తున్నాడు రైల్వే పనివాడు. గుడ్ల బుట్ట పట్టుకుని ఒక ముసలావిడ దగ్గరికొచ్చింది.

“అది తీయకు నాయనా. ఎక్కడ దిగాలో తెలియక మా ఆంబ్రోస్ ముందుకెళ్లిపోతాడు.”

“పోయిన యుద్ధంలో ఆచూకీ దొరకని మీ అబ్బాయేనా అమ్మా?”

“చనిపోయాడని ఎవరూ రాయలేదుగా.”

“రైలు ఆగగానే పోర్టరు ఊరి పేరు గట్టిగా అరుస్తాడులెండి.”

“గుండ్ల మోతకి రెండు చెవులూ పోయాయని ఆఖరి ఉత్తరంలో రాశాడయ్యా.”

పనివాడు నిచ్చెన దిగాడు. “అయితే రైలొచ్చే వేళకి మీరే వచ్చి ఇక్కడ నిలబడండమ్మా. మిమ్మల్ని చూసి దిగుతాడు.”

“ఇరవై మూడేళ్లుగా వస్తూనే ఉన్నాను. అప్పుడు నాది ఎర్రజుట్టు. ఇప్పుడు నన్ను పోల్చుకుంటాడంటావా?”