లేని బటన్

(క్యాన్సర్ డే-కేర్ సెంటరు రిసెప్షన్. భోజనాల వేళ. కౌంటరు వెనక అక్కడి పెద్ద సిస్టర్. ఎదురుగా, వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫు మనిషి.)

“...అది కాదు బాబూ, ముందు ఇది చూడు. కుదరదని తర్వాత చెబుదువుగాని.”

“ఇది మన సాఫ్ట్‌వేరేగా సిస్టర్? ఈ బటన్ ఎక్కడిది? మేం పెట్టలేదే!”

“నేను పెట్టాను.”

“మీరా?”

“ఏం, నావల్ల కాదనుకున్నావా? మన స్క్రీన్ ఫొటో ఏఐకి చూపించి, ఇక్కడ నాకో బటన్ కావాలి నాయనా అన్నాను. టీ చల్లారేలోపు చేసిచ్చింది.”

“బాగానే ఉంది గానీ... ఇది ఉత్త బొమ్మ సిస్టర్. నొక్కినా ఏమీ జరగదు.”

“తెలుసులే. నీకు అర్థం కావాలనే చేశాను. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఎప్పుడడిగినా వచ్చే వెర్షన్‌లో, వచ్చే వెర్షన్‌లో!”

“‘చనిపోయారు’... ఇంత పచ్చిగా రాస్తే మావాళ్ళు ఒప్పుకోరు. బాగోదు.”

“పోయినవాళ్ళ ఇంటికి ‘మీరు రాలేదు, వెంటనే రండి’ అని మెసేజ్ వెళ్తే బాగుంటుందా? ఒకాయన ఫోన్ పట్టుకుని ఇక్కడికే వచ్చాడు. ‘రమ్మంటున్నారు కదమ్మా, మా ఆవిణ్ణి ఎలా తీసుకురానూ’ అని అడిగాడు. ఏం చెప్పను?”

“నిజమే సిస్టర్. తప్పే.”

“ఆ ఏఐ నన్నో మాట అడిగింది. బటన్ నొక్కాక ఇంట్లోవాళ్ళకి ఏమైనా చెప్పాలా అని. మీలో ఒక్కరైనా అడిగారా? ఏడుపొచ్చేసింది నాకు. కంప్యూటర్ ముందు కూర్చుని ఏడ్చాను, పిచ్చిదానిలా.”

“ఏం చెప్పమన్నారు?”

“ఇక మా దగ్గర్నుంచి మెసేజ్‌లు రావు, మీవాళ్ళు మాకు గుర్తున్నారు అని. అంతే.”

“సరే, పైవాళ్ళకి చూపిస్తాను. మరి ఇప్పటికీ ఆ మెసేజ్‌లు వెళ్తూనే ఉన్నాయా?”

“లేదులే. రెండేళ్ళ కిందట ఆయన వచ్చి వెళ్ళినప్పట్నుంచి నేనే ఆపేస్తున్నాను.”

“ఎలా? ఆపే దారే లేదుగా!”

“ఎందుకు లేదు? ‘ట్రీట్‌మెంట్ ముగిసింది’ అని కొడితే కారణం అడుగుతుంది. ‘వేరే ఆస్పత్రికి మారారు’ అంటే ఆ ఆస్పత్రి పేరు చెప్పమంటుంది. ‘నయమైంది’ అంటే ఏమీ అడగదు. అదే నొక్కుతున్నాను.”

“ఎవరికి?”

“పోయినవాళ్ళకి.”

“అందరికీనా?”

“అందరికీ. ఇంకేం చెయ్యమంటావ్?”

“అందరికీనా సిస్టర్? నిజంగా నయమైనవాళ్ళకీ అదే, పోయినవాళ్ళకీ...”

“అందుకేగా బటన్ అడుగుతున్నది! ఏంటలా అయిపోయావ్? నీ ఉద్యోగానికేం ముప్పు రాదులే, మీ పైవాళ్ళతో నేను మాట్లాడతాను.”

“ఉద్యోగం గురించి కాదు. ఆ నయమైనవాళ్ళ లెక్క... అన్ని ఆస్పత్రులదీ మాకు కనిపిస్తుంది. అందులో మీ సెంటరే అన్నిటికంటే పైన.”

“మాదా? పైనా? అయ్యో రాత! అయినా ఆ లెక్కతో నీకేం పని?”

“లోపల కిటికీ పక్క కుర్చీలో... డ్రాయింగ్ టీచర్...”

“టీచరమ్మా? ఆవిణ్ణి ఎరగనివాళ్ళెవరు! కూతుర్ని వెంటబెట్టుకుని వస్తుంది, మందెక్కుతున్నంతసేపూ మమ్మల్ని నవ్విస్తూనే ఉంటుంది. పాపం, ఇంక మందులు పనిచెయ్యట్లేదు బాబూ. మొదట్లోనే అవతల పెద్దాస్పత్రిలో ఆపరేషన్ చేసేద్దామంటే, ఎవరో వద్దన్నారట. ఏ మహానుభావుడో! ఇంతకీ ఆవిడ నీకెలా తెలుసు?”

“మా అక్క. మీ సెంటర్ లెక్క చూపించి, ఆపరేషన్ వద్దన్నది నేనే.”