మీసాల కందిరీగ

"పెద్ద విషయమేమీ కాదు మాస్టారూ. పొద్దున మా అక్కవాళ్ళ పెరట్లో ఓ కందిరీగను ఫొటో తీశాను, అంతే," అన్నాడు తమ్ముడు, అరుగు మీద కాళ్ళు చాపి టీ గ్లాసు అందుకుంటూ.

అంతే అని మొదలుపెట్టాడంటే అది ఎంత దూరం పోతుందో అక్కకు తెలుసు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని వాడిది. ముప్ఫై ఏళ్ళుగా అద్దాలతో పాటు జనం చెవులు కూడా అరగదీస్తున్నాడు. ఆదివారం సాయంత్రం వాడొచ్చాడని తెలిస్తే చాలు, పైవాటాలో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు మెట్లు దిగుతారు, పక్కింటి టైలరు మిషను ఆపేసి వస్తాడు.

ఇవాళ అక్కకు వినే ఓపిక లేదు. ఆమె కళ్ళన్నీ గుమ్మం లోపల కుర్చీలో కూర్చున్న కూతురి మీదే ఉన్నాయి.

ఆరు వారాల కింద పిల్ల గొంతుకు ఆపరేషనైంది. మూడు వారాలు పోయాక మాట్లాడమన్నాడు డాక్టరు. వాడకపోతే గొంతు అలాగే బిగుసుకుపోతుందనీ చెప్పాడు. ఆ రోజు పిల్ల "అమ్మా" అంది. ఎవరో ముసలాయన దగ్గుతూ పిలిచినట్టు వచ్చింది. అది తన గొంతేనని తెలిసి నోరు మూసుకుంది. అప్పట్నించీ ఒళ్ళో పలక, చేతిలో సుద్దముక్క. పిల్లది నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల ఫోనెత్తే ఉద్యోగం. ఒకటో తారీఖున చేరాలి. ఇంకా తొమ్మిది రోజులుంది.

పెరట్లోకి వెళ్ళడం కూడా మానేసింది. మామయ్య అరగదీసి ఇచ్చిన అద్దాన్ని ఫోనుకు రబ్బరు బ్యాండుతో బిగించుకుని, నిమ్మచెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కంటికానని కందిరీగలను ఫొటోలు తీసేది. మూడేళ్ళుగా అదే పిచ్చి. రెక్కల గీతలూ మీసాల కణుపులూ లెక్కపెట్టి, పేరు వెతికి, నోటుబుక్కులో ఎక్కించేది. పేరు దొరకనివాటి కింద "ఎవరో?" అని రాసేది.

"ఎంతుంటుందేమిటి ఆ కందిరీగ?" అన్నారు మాస్టారు.

"నువ్వుగింజంత. ఉండండి, ఎక్కువ చెప్పాను. దీని పక్కన పెడితే నువ్వుగింజ బస్తాలా కనబడుతుంది. ఎనిమిది కాళ్ళూ ఆకు మీద ఆనించి, ఆకు నములుతూ, నన్నే చూస్తోంది."

లోపల సుద్దముక్క కిర్రుమంది. పిల్ల పలక ఎత్తింది. 6 అని ఉంది.

"ఆరు కాళ్ళట," అన్నాడు టైలరు.

తమ్ముడు కళ్ళు చికిలించాడు. "ఏమో, కళ్ళజోడు దుకాణంలో వదిలేసొచ్చాను. నాకు పలకలూ గిలకలూ కనబడవు."

"కళ్ళజోడు లేకుండా నువ్వుగింజ కనబడిందా?"

"దగ్గరివి కనబడతాయి మాస్టారూ, నాది దూరపుచూపు బాధ. నాకు తెలియనిదేముంది, అద్దాలవాణ్ణి. సరే, వినండి. దాని ముందు బోర్లా పడుకున్నాను. ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. అందుకని మూడు గంటలు ఊపిరి తీయలేదు."

"మూడు గంటలా?"

"మధ్యలో ఒకసారి తీశాను, అబద్ధమెందుకు. అదీ వెనక్కి తిరిగి."

పిల్ల మళ్ళీ రాసింది, ఈసారి పలక నిండా. అది ఆకు తినదు, పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. టైలరు మెడ సాచి చదవబోయాడు.

"ఎవరైనా ఏమైనా అన్నారా?" అన్నాడు తమ్ముడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "నాకేం వినబడలేదే."

పిల్ల చెయ్యి పలకతో సహా దిగిపోయింది.

"ఒరేయ్, ఇక చాల్లే," అంది అక్క.

"చాలేమిటక్కా, అసలు కథ ఇప్పుడేగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక అద్దం మీద ఇంకో అద్దం, దాని మీద ఇంకోటి, అలా పద్నాలుగు పేర్చి చూశాను. దాని కన్ను కనబడింది. మన కన్నులాంటిది కాదయ్యా, మేడ. వెయ్యి గదులు. గదికొక నేను. వెయ్యిమంది నేనులు వరసగా పడుకుని నన్ను చూస్తున్నారు. క్లిక్‌మనిపించాను. తీరా చూస్తే మూడు వందల పన్నెండో గదిలో నేను కళ్ళు మూశాను. ఫొటో పాడు. మళ్ళీ తీశాను."

టైలరుకు టీ పొలమారింది. మాస్టారు మాత్రం, "వెయ్యిమందినీ చూసుకున్నావా?" అని అడిగారు.

"నా మొహం నేను చూసుకోవడానికి ఎంతసేపు మాస్టారూ? ఇక పేరు కావాలి కదా. ఏడు దేశాల పండితులకు పంపాను. ఒకాయన ఫలానా అన్నాడు, ఇంకొకాయన కాదన్నాడు, ఇద్దరూ మాటలు మానుకున్నారు. మూడో ఆయన పుస్తకాలన్నీ తిరగేసి ఆ పుస్తకాల మీదే పడి నిద్రపోయాడు, ఇంకా లేవలేదు. చివరికి అందరూ కలిసి నాకే ఫోను చేశారు. అయ్యా, మీరే ఏదో ఒకటి అనండి, మేం రాసుకుంటాం అన్నారు."

"ఇదంతా పొద్దుట్నించీ జరిగిందా?"

"పది లోపే అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంత గొడవ జరుగుతుంటే దానికి కోపం రాదూ? లేచింది. అది మగది. మగదని నాకెలా తెలుసంటారా, మీసాలు చూశాను, ఇంతింత మీసాలు, మెలితిప్పుకుని మరీ వచ్చింది. పద్నాలుగు అద్దాలూ తొలుచుకుంటూ వచ్చి నా బొటనవేలి మీద కుట్టింది."

గుడ్డ చుట్టిన బొటనవేలు పైకెత్తి చూపించాడు. శుక్రవారం దుకాణంలో అద్దాలు అరగదీసే సానరాయి మీద గీసుకుపోయిన వేలది. అక్కే కట్టు కట్టింది.

"వేలు వాచింది. దోసకాయంత, ఆ పైన సొరకాయంత, ఆ పైన గుమ్మడికాయంత. వేలు ముందు, నేను వెనక. తలుపులో పట్టక పెరటి గోడ చుట్టూ తిరిగొచ్చాను. మగ కందిరీగ కాటంటే మాటలా? ఆడవాటికి అంత పౌరుషం ఎక్కడిది. మగది కాబట్టి కుట్టింది."

పిల్ల మొహం ఎర్రబడింది. పలక మీద గబగబా ఏదో రాసి ఎత్తింది. తమ్ముడు చూరు వైపు చూస్తూ టీ తాగాడు. పిల్ల ఇంకా పైకెత్తింది. వాడు చూడలేదు. పలకను నేలమీద పెట్టి లేచి నిలబడింది.

గదిలోకి పోయి తలుపేసుకుంటుంది, ఇక అన్నానికి కూడా రాదనుకుంది అక్క. తమ్ముడి భుజం పట్టుకుని, "నీకు మతి పోయిందిరా," అనబోయింది.

"మగది కుట్టదు."

టైలరు వెనక్కి తిరిగి చూశాడు, వీధిలోంచి ఎవరో అన్నారనుకుని. గరగరలాడే గొంతు, ఇసుకలో రేకు లాగినట్టు.

"ఎవరన్నారు?" అన్నాడు తమ్ముడు, ఇంకా చూరు వైపే చూస్తూ.

"నేనే అన్నాను మామయ్యా." పిల్ల గుమ్మం దాటి వచ్చింది. గొంతు మధ్యలో తెగింది. మింగి, మళ్ళీ పట్టుకుంది. "కుట్టేది ఆడదే. గుడ్లు పెట్టే సూదే ముల్లయింది. మగదానికి అసలు ముల్లే లేదు."

"లేకపోతే నా వేలు?"

"సానరాయి. అమ్మ చెప్పింది. ఏదీ, ఫొటో చూపించు."

వాడు ఫోను ఇవ్వడానికి కాస్త బెట్టు చేశాడు. పిల్ల లాక్కుంది. మాస్టారూ టైలరూ ఆమె భుజాల మీదుగా వంగారు.

"రెక్కలు రెండే ఉన్నాయి. కందిరీగకు నాలుగు," అంది పిల్ల. "ఇది ఈగ."

మాస్టారు నవ్వడం మొదలుపెట్టారు. ఏడు దేశాల పండితులు ఈగకు పేరు పెట్టలేకపోయారా అని టైలరు అడిగాడు. వాళ్ళూ కళ్ళజోళ్ళు మర్చిపోయారేమోనన్నారు మాస్టారు. తమ్ముడు ఏమీ తొణకలేదు. "ఈగలాంటి కందిరీగ," అన్నాడు.

పిల్ల నవ్వలేదు. రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేస్తోంది. ఈగను వదిలేసి ఆకు అంచుకు జరిపింది. అక్కడ సీతాకోకచిలుక గుడ్డు ఒకటి, గుండుసూది తలంత. దాని మీద నల్లటి చుక్క. ఇంకా పెద్దది చేసింది. చుక్కకు నాలుగు రెక్కలున్నాయి.

"ఇదెవరు?" అంది మెల్లగా. "ఇది నా బుక్కులో లేదు. మామయ్యా, ఏ కొమ్మ?"

"తూర్పు వైపు. కిందది. కాదు, పైది."

"ఏదో ఒకటి చెప్పు."

"నీ మోకాలెత్తున, పండుటాకు పక్కన."

పిల్ల మెట్లు దిగింది. దిగుతూనే వెనక్కి తిరిగి, "అమ్మా, నా అద్దం ఎక్కడ పెట్టావు?" అని కేకేసింది. కేక సగంలో చీలింది. మిగతా సగం కూడా అలాగే పూర్తి చేసింది.

అక్క అలమారు లోంచి అద్దం తెచ్చిచ్చింది. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంది. మాస్టారూ టైలరూ పిల్ల వెనకే పెరట్లోకి పోయారు. తమ్ముడు జేబులోంచి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకున్నాడు. నేలమీది పలక ఎత్తి చదువుకున్నాడు. మగది కుట్టదు, మగది కుట్టదు, మగది కుట్టదు. మూడుసార్లు రాసి ఉంది.

"ఒరేయ్," అంది అక్క. "మగది కుట్టదని నీకు ముందే తెలుసా?"

"నాకు తెలియనిదేముందక్కా," అన్నాడు.

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆమె ఆ మాట నమ్మింది.