మూత పడ్డాక

బూట్లతోనే కాటా ఎక్కించాడా? అమ్మో, మీ అన్నయ్య బాగా మారిపోయాడే! నాచేతైతే జడపిన్నులు కూడా తీయించేవాడు. ఓసారి పొద్దున తాగిన కాఫీ కూడా లెక్కలోంచి తీసేశాడు, తెలుసా?

కూర్చో అమ్మాయ్. ఆ స్టూలు మీద కాదు, ఊగుతుంది. ఇదిగో, ఈ పాత టైరు మీద. ఆ లేత్ మిషను చప్పుడు వినపడినంతసేపూ మీ అన్నయ్య ఇటు రాడు. ఈలోగా నీతో మాట్లాడాలి.

దీన్ని నడపడానికి ఆయనకి సరే అనేశావా అప్పుడే? అనే ఉంటావ్. అన్నయ్య అడిగితే చెల్లెలు కాదంటుందా!

ఉండు, బట్ట తీస్తాను. చూడు. దీన్ని కారంటే ఎవరైనా నమ్ముతారా? మూడు సైకిలు చక్రాలు, నీళ్ల మోటారంత ఇంజను, పైన నల్లటి గుల్ల. మనిషి ఇందులో కూర్చోడమ్మా, పడుకుంటాడు. కాళ్లు ముందుకి, తల కాస్త పైకి. పైన గాజులాంటి ప్లాస్టిక్ మూత పెట్టి అంచులకి టేపు వేస్తారు. లీటరు పెట్రోలుకి రెండు వేల కిలోమీటర్లు పోవాలట. అదీ మీ అన్నయ్య కల. కలేంటిలే, జబ్బు!

నువ్వు హాస్టల్లో చదువుకుంటూ సెలవులకి వచ్చి పోయేదానివి. మా కాపురం నీకేం తెలుసు? అత్తయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ వంతెన దిగుడులో మా కారు ఇంజను ఆపేశాడు. 'ఆగిపోయిందేంట్రా' అని ఆవిడ ఒకటే కంగారు. 'ఆగలేదమ్మా, దొర్లుతోంది' అని ఈయన మురిసిపోవడం! వెనక లారీ వాడు హారన్ కొట్టి కొట్టి తిట్టిన తిట్లు నేను వినలేక చచ్చాను.

నవ్వు, నవ్వు. నేనూ నవ్వేదాన్ని.

ముందు మీ అన్నయ్య పనిచేసే పంపుల ఫ్యాక్టరీలోని ఓ బక్కపల్చటి కుర్ర ఇంజనీరు దీన్ని నడిపేవాడు. అతనికి పెళ్లి కుదిరింది, ఇక రానన్నాడు. ఆ సాయంత్రం నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. అంత శ్రద్ధగా నన్ను చూసి ఎన్నాళ్లయిందో! చీర సర్దుకున్నాను కూడా. అప్పుడడిగాడు. 'నువ్వు ఎన్ని కిలోలుంటావ్?'

సిగ్గు లేకుండా ఎంత సంబరపడ్డానో, పిచ్చిమొహాన్ని.

ఆ తర్వాతిక ఏముంది? అన్నం సగమైంది. పొద్దున్నే ఈ షెడ్డు. నా కుట్టు షాపు మధ్యాహ్నం తెరిస్తే ఎవరొస్తారు చెప్పు? కొన్నాళ్లకి పక్కవీధిలో ఆవిడెవరో నా మిషన్లు కొనుక్కుపోయింది. ఇంట్లో మా ఇద్దరి మాటలన్నీ బేరింగుల గురించే, టైర్లలో గాలి గురించే. ఒంట్లో బాలేదంటే 'రెండొందల గ్రాములు తగ్గావా' అనేవాడు. వేళాకోళమే అనుకో. కానీ నేను నిజంగానే కాటా ఎక్కి చూసుకునేదాన్ని.

కానీ ఒకటి చెప్పనా? నాకు వచ్చేసింది. దీన్ని నడపడం అంటే ఇంజను నడపడం కాదు, ఆపడం. వేగం అందుకోగానే ఆపేయాలి. తర్వాత అంతా దొర్లడమే. ఎంతసేపు ఓపిక పట్టాలి, ఎక్కడ మళ్లీ ఇంజను అంటించాలి, మలుపులో బ్రేకు ముట్టకుండా ఎలా జారిపోవాలి, అదంతా లెక్కల్లో ఉండదు. వీపుకి తెలుస్తుంది. రోడ్డు నీ వీపు కింద ఇంతే దూరంలో పరిగెడుతుంటుంది కదా, గుసగుసలాడుతుంది. మీ అన్నయ్య కంప్యూటర్ ముందు కూర్చుని 'ఇప్పుడు అంటించు' అనేవాడు. నేను 'ఆగండి, ఇంకా పోతుంది' అనేదాన్ని. పోయేది!

ఆ, అక్కడికే వస్తున్నా. ప్రమాదం అని చెప్పారు కదా నీకు? ఏం ప్రమాదమో చెప్పి ఉండరు.

రికార్డు రోజు. అద్దెకి తీసుకున్న ట్రాకు, కొలతలు చూడ్డానికి రికార్డులు రాసే సంఘం తరఫున తెల్లటోపీ పెద్దమనిషొకాయన. బండికున్న సీసాలో పెట్రోలు పోస్తారు. చెప్పినన్ని చుట్లు తిరగాలి. చివర్లో ఆయన సీసా కొలిచేదాకా ఎవరూ బండిని ముట్టుకోకూడదు. మూత కూడా. అదీ నియమం.

లోపల ఇనప గొళ్లెం ఉండేది. బరువని తీసేసి నైలాను తాడు కట్టాడు మీ అన్నయ్య. తనిఖీలో లాగి చూశారు, మూత ఊడొచ్చింది, సరే అన్నారు. ముక్కు దగ్గర గాలి రంధ్రం ఉండేది. గాలి అడ్డుపడుతోందని దానికీ టేపు వేశాడు. వేస్తూ నా మొహంలోకి చూశాడు. నేనే 'వేసెయ్యండి' అన్నాను.

మొదట్లో ఎంత బాగా వెళ్లిందనుకున్నావ్! నీళ్ల మీద ఆకు పోయినట్టు. తర్వాత గొంతులో మంట మొదలైంది. వెనక ఇంజనుకీ నా తలకీ మధ్య పల్చటి అట్ట ఒకటుంది, దాని అంచు ఊడింది. ఇంజను అంటించిన ప్రతిసారీ పొగ లోపలికే వస్తోంది. పోవడానికి దారి లేదు.

చెవిలో రేడియో ఉంది కదా, చెప్పాను. పొగొస్తోందండీ, తల దిమ్ముగా ఉంది అని. సీసాలో ఎంత మిగిలిందో మీ అన్నయ్యకి కంప్యూటర్లో కనపడుతోంది. రికార్డు దాటిపోయేలా ఉన్నాం, ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడన్నాడు. 'నీ ఇష్టం.'

విన్నావా? ఆపెయ్ అనలేదు. ఆపొద్దనీ అనలేదు. నా ఇష్టమట! అన్నేళ్లలో ఒక్క విషయంలోనైనా నా ఇష్టం అన్నాడా ఆ మనిషి? సరిగ్గా అప్పుడే అనాలా?

కాస్త గాలి ఆడుతుందని తాడు లాగాను. తెగి చేతికొచ్చింది. మూత కదల్లేదు. పైన ఆకాశం కనపడుతోంది, గాజులోంచి చూస్తున్నట్టు, అంతే.

బ్రేకు నా చేతి కిందే ఉంది. నొక్కితే ఆగేది, ఎవరో వచ్చి తీసేవాళ్లు. నొక్కలేదు. బదులుగా ఏం చేశానో తెలుసా? ఇంజను అంటించడం తగ్గించాను. అంటిస్తేనే కదా పొగ! మనిషి నడిచే వేగానికి పడిపోయేదాకా దొర్లించి, ఊపిరి బిగబట్టి ఒక్కసారి అంటించి, మళ్లీ ఆపేసి... చచ్చిపోతానేమోనన్న భయంలో నేను నడిపినంత పొదుపుగా ఎవరూ నడిపి ఉండరమ్మా ఆ బండిని.

గీత దాటడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తు లేదు. పక్కన ఇసకలోకి వెళ్లి ఆగిందట.

తర్వాతది వాళ్లూ వీళ్లూ చెబితే విన్నదే. తెల్లటోపీ ఆయన 'ముట్టుకోకండి, ముందు కొలవాలి' అని పరిగెత్తుకొస్తున్నాడట. మీ అన్నయ్య అప్పటికే స్పానరు తీసుకుని మూత మీద బాదడం మొదలెట్టాడు. తన చేత్తో గరుకు కాగితం పట్టి అరగదీసి అద్దంలా చేసిన గుల్లని ముక్కలు ముక్కలు చేశాడు. మిగిలిందాన్ని ఉత్త చేతుల్తో చీల్చాడట. అరచేతులు చూశావా ఎప్పుడైనా? ఆ గీతలు అవే. ఆ పెనుగులాటలో సీసా పగిలింది. పెట్రోలంతా ఇసకలో పోయింది. ఇంకేం కొలుస్తారు?

కళ్లు తెరిచేసరికి గడ్డిలో ఉన్నాను. ఆయన నా మొహం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నేను అడిగిన మొదటి మాట, 'కొలిచారా?' అని. లేదన్నట్టు తలూపాడు.

అప్పుడో మాటన్నాను. మీ అన్నయ్య ఇంతవరకూ అత్తయ్యక్కూడా చెప్పలేదు. 'ఇంకాసేపు ఆగలేకపోయారా' అన్నాను.

అలా చూడకు తల్లీ. ఆ రోజు మీ అన్నయ్య కూడా అచ్చం అలాగే చూశాడు. ఇప్పటికీ అప్పుడప్పుడూ చూస్తుంటాడు, అన్నం తింటూ తింటూ.

అదిగో, అందుకే నిన్ను పిలిపించాడు. కొత్త గుల్ల చేసి ఉక్కు గొళ్లెం పెట్టాడు చూడు, బయట్నుంచి కూడా తెరుచుకుంటుంది. గాలికి రెండు రంధ్రాలు. అట్ట పోయి రేకు వచ్చింది. నా ప్రాణానికి తాడు చాలింది, నీకేమో ఇన్ని హంగులు! అడిగాను, నేనున్నాను కదా, అమ్మాయెందుకు అని. ఏమన్నాడో తెలుసా? 'దానికి భయమేస్తే ఆపేస్తుంది. నువ్వు ఆపవు' అన్నాడు.

భార్యంటే భయం చాలామందికి ఉంటుందిలే. కానీ ఇలాంటి భయం ఎక్కడైనా విన్నావా?

ఏంటీ? నీ మంచి కోరి చెప్తున్నానా? అయ్యో, కాదమ్మా. నీకేం కాదు ఇందులో. పరుపు మీద పడుకున్నట్టు వెళ్లొస్తావ్. నువ్వు క్షేమంగా దిగుతావన్నదే నా బాధ.

ఇప్పుడు ఇంట్లో ఎలా ఉందో చెప్పనా? వేళకి వస్తాడు. తిన్నావా అంటాడు. నిద్ర పట్టిందా అంటాడు. బయటికి వెళ్తే ఎక్కడికి అంటాడు. మంచి మొగుడంటే అలాగే ఉంటాడు, నాకూ తెలుసు. ఇంట్లో గదులన్నిట్లో కిటికీలు తెరిచే ఉంటాయి, అయినా నాకు ఊపిరాడదు. మధ్యాహ్నం ఆయన లేనప్పుడు మంచానికీ బీరువాకీ మధ్య నేల మీద పడుకుంటాను. సరిగ్గా దీని వెడల్పే ఉంటుంది. కాళ్లు చాపి, తల కాస్త పైకి పెట్టి. చేతికి బ్రేకు తగలదు, అదొక్కటే తక్కువ.

లేత్ ఆగింది. వస్తున్నాడు.

భయమేస్తోందని చెప్పెయ్ అమ్మా. చదువు పాడవుతుందను, నడుం నొప్పను, ఏదో ఒకటి. నిన్ను ఒక్క మాట కూడా అనడు. ఇంకెవరూ దొరక్కపోతే ఎన్నాళ్లకైనా నా దగ్గరికే రావాలి కదా.

దాంట్లో పడి చచ్చేదాన్నే, నిజమే. కానీ బయట ఉండి నేనేం చెయ్యను?