నాన్న కొట్టేసిన అరగంట

సాయంత్రం నాలుగున్నరయింది. వాన సన్నగా పడుతోంది. కూర్చో అమ్మా, నువ్వు నిలబడి చూసినంతమాత్రాన ఆ ఫోన్ ముందుగా చెప్పదు. ఏమంటోంది? మొత్తం నాలుగువందల ఇరవై కిలోమీటర్లు, గంటా పది నిమిషాల ప్రయాణం. అవును, మూడున్నరకే విమానం దిగాలి, ఇంకా గాల్లోనే ఉందట. నా కొడుకూ, నీ కూతురూ అందులోనే... సర్లే.  

మా నాన్న పని నీకెప్పుడూ చెప్పలేదు కదూ. నువ్వు మా ఇంటికి కోడలిగా రాకముందే పోయాడు. ఎయిర్‌పోర్టులో ఓ గది, గోడకి మ్యాపు, చేతిలో స్కేలు. ఇక్కణ్ణించి అక్కడికి ఎంత దూరం, ఎదురుగాలి ఎంత, గాల్లో ఎంతసేపు, ఫ్యూయల్ ఎంత పొయ్యాలి, అన్నీ కాగితమ్మీద రాసి కెప్టెన్‌కిచ్చేవాడు. దూరం అదే దూరం, గాలే మన మాట వినదు అనేవాడు. అందుకని రూలు ప్రకారం పోసేదాని మీద ఇంకో అరగంటకి పోయించేవాడు. ఏ విమానానికైనా సరే. ఆయన పేరే ‘అరగంట’ అయిపోయింది. ఇంట్లోనూ అంతే, సినిమాకెళ్తే హాలు గేటు తీయకముందే మేం అక్కడ. “ఊడ్చేవాళ్ళకి సాయం చేద్దామా?” అని మా అమ్మ సాధించేది.

ఫోన్‌లో ఏమైనా మారిందా? లేదా. ఊఁ.

ఒకరోజు మా అమ్మా, తమ్ముడూ ఎక్కారు. చిన్న విమానం, పదిహేనుమంది. కెప్టెన్ లావుపాటి మనిషి, నోరు పెద్దది, మనసు మంచిది. కాగితం చూసి అందరి ముందూ, “ఏమయ్యా అరగంటా, ఇవాళ మీ ఆవిడుందని గంట పోయిస్తున్నావా ఏంటి?” అన్నాడట. గంటేం కాదమ్మా, రోజూ పోయించేదే. కానీ నలుగురూ నవ్వారు. నాన్నకి తల కొట్టేసినట్టయింది. సొంతవాళ్ళ కోసం అనుకుంటారేమోనని కాగితమ్మీద ఆ అరగంట కొట్టేసి సంతకం పెట్టాడు. ముక్కూమొహం తెలీనివాళ్ళకి ఇచ్చేది, మావాళ్ళకి లేకుండా చేశాడు.

అక్కడ చూస్తే పొగమంచు. రెండుసార్లు దిగబోయి మళ్ళీ లేచారట. ఇంకో ఊరికి మళ్ళిస్తే దారంతా ఎదురుగాలి. రన్‌వే కనబడుతుండగా ఫ్యూయల్ అయిపోయి ఇంజన్లు ఆగిపోయాయి. పొలంలో దించాడు. ముందుభాగం గట్టుకి కొట్టుకుంది. అమ్మ వచ్చింది, కాలు విరిగి. తమ్ముడొచ్చాడు. వెనక కూర్చున్నవాళ్ళంతా వచ్చారు. కెప్టెన్ ఒక్కడే రాలేదు. నాన్న వాళ్ళింటికెళ్తే కెప్టెన్ భార్య కూర్చోమని కుర్చీ వేసింది. దాన్ని తట్టుకోలేకపోయాడమ్మా. నేను కాలేజీకి బయల్దేరుతూ, నాన్నా, ఎంతసేపు పడుతుందీ అంటే కూడా లెక్క చెప్పడం మానేశాడు...

ఫోనా? ఎవరు? వాడేనా? ఇలా ఇవ్వు. వద్దు, నువ్వే మాట్లాడు. దిగారా? వాడు ఒకటి. పిల్ల? దగ్గరే ఉందా? రెండు. పెట్టెయ్యకు, పెట్టెయ్యకు. విమానం నడిపినవాళ్ళు కూడా దిగారేమో అడుగు. నవ్వితే నవ్వనీ, అడుగమ్మా. ఇద్దరూనా? కళ్ళతో చూశాడా?

నాలుగు.