ముందే చెక్కిన పేరు

హలో… ఆ, నేనే. బట్టలు మార్చుకునే గదిలోనే ఉన్నా. గడియ పెట్టింది నేనే. కప్పు కూడా నా దగ్గరే ఉంది.

నేను గెలవలేదు. మీరు గెలిపించారు. ఇందులో వాదనేం లేదు.

…కాదా? అయితే ఒకటి చెప్పు బామ్మర్దీ. గోల్ఫ్ ఆడింది ఇవాళ. ఆఖరి గుంటలో బంతి పడకముందే ఈ కప్పు మీద నా పేరెలా ఎక్కింది?

…చూశా. తువ్వాలు కోసం నీ సంచీ తెరిస్తే కనపడింది. పైన మీ అక్క పేరు. కింద ‘ఈ ఏటి విజేత’ అని నా పేరు.

…నిన్ననే చెక్కించారా! ఆట ఇవాళ, గెలుపు నిన్న. భేష్.

…ఎవరి ఆలోచన? పళ్ల డాక్టరుదా? అనుకున్నా. నా బంతి గుంటకి నాలుగడుగుల దూరాన ఉంది. కొట్టబోతుంటే వంగి తీసి నా జేబులో వేశాడు. “పడ్డట్టే గురువా” అన్నాడు. మనతో ఆడే దర్జీ చప్పట్లు కొట్టాడు. నువ్వు దెబ్బలు లెక్కరాసే కార్డులో నాలుగు రాసేశావు. డాక్టరు కంటే ఒక్క దెబ్బ తక్కువ కొట్టి గెలిచానట.

…స్నేహితుల ఆటే, కాదనను. స్నేహితులైతే మాత్రం నాలుగడుగులు అడుగైపోతాయా?

మీ అక్క ఉంటే ఇలా రాసేదా? పన్నెండేళ్లు చెవి మీద పెన్సిలు పెట్టుకుని మన వెనకే తిరిగింది. బంతి గుంటలో పడి టక్కుమంటేనే రాసేది. మొగుడైనా ఒకటే, తమ్ముడైనా ఒకటే. నువ్వు మూతి ముడుచుకుని తిండి మానేసిన రోజులున్నాయి.

…నవ్వకు.

…బయటికి రమ్మంటావు. ఎటు రాను? ఉన్నది ఒక్క తలుపు. తెరిస్తే ఎదురుగా మీ కుర్చీలు. కిటికీకి చువ్వలు. వచ్చింది నీ కారులో, తాళాలు నీ దగ్గర. ముందరికాళ్లకు బంధం వేసి నడవమంటున్నారు.

…ఎవరొచ్చారూ? అత్తయ్యా? …కూతురి పేరున్న కప్పు ఆవిడ చేత ఇప్పిస్తారా? ఆ మోకాళ్లతో ఆవిణ్ని ఇన్ని మెట్లెక్కించావా?

…తేరుకుంటానని! పెళ్లాం పోయినవాడికి కప్పు చేతిలో పెడితే తేరుకుంటాడని ఏ వైద్యుడు చెప్పాడు? పళ్ల డాక్టరేనా?

…కోపం దానికి కాదురా.

…చెప్తా. ముందు పక్కకి వెళ్లు. అక్కడ ఎవరూ వినకూడదు… వెళ్లావా?

పోయినేడు, మూడో గుంట దగ్గర. నా బంతి చెట్టు వేరు వెనక ఇరుక్కుంది. ఎవరూ చూడట్లేదని కాలితో జరిపా. ఆ తోపు లెక్కలో వదిలేసి ఐదు అన్నా. మీ అక్క ఆరు రాసింది. నోరు విప్పి ఏమీ అనలేదు, రాసిందంతే. ఆ ఒక్క దెబ్బతో ఓడాను.

…ఆ, డాక్టరు గెలిచింది అప్పుడే.

ఇంటికెళ్లాక దానితో మాట్లాడలేదు. పదకొండు రోజులు. పెట్టింది తిన్నా. పిలిస్తే పేపరు అడ్డం పెట్టుకున్నా. పన్నెండో రోజు పొద్దున అది లేవలేదు.

…ఏమీ అనకు. నేను కొట్టింది ఆరే. ఆ మాట దానికి చెప్పలేదు.

ఇప్పుడు దాని పేరున్న కప్పు, నేను కొట్టని దెబ్బకి, పట్టుకుని నవ్వాలి.

…ఏంటా చప్పుడు? …తలుపు కొడుతోంది అత్తయ్యా? కర్రతోనా? కూర్చోబెట్టరా ఆవిణ్ని! …వినదా. ఆవిడెప్పుడు వింది గనక.

అత్తయ్యా! వస్తున్నానండీ! నిలబడకండి, కూర్చోండి!

…విన్నావుగా. వస్తా. ఆవిడ చేత్తో ఇస్తే కాదనలేను. ఫొటోలో పళ్లు కూడా కనపడేలా నవ్వుతా, మీ డాక్టరు సంతోషిస్తాడు.

కార్డు మాత్రం నాకివ్వు. …దిద్దడానికి. ఆఖరి గుంట పక్కన నువ్వు రాసిన నాలుగు కొట్టేసి, ‘పడలేదు’ అని రాస్తా. …కప్పు మీద చెక్కింది చెరగదు, తెలుసు. పెన్సిలుతో రాసింది చెరుగుతుంది.

ఇంకొకటి. ఆ ఆరు సంగతి నేను చెప్పలేదు, నువ్వు వినలేదు. చచ్చేదాకా మళ్లీ ఎత్తను. నా దగ్గర నువ్వూ ఎత్తకు.

…వద్దన్నానా!

…గడియ తీస్తున్నా. పెట్టెయ్.